షిఫ్టు మారితే పక్షం మారాలి

మా బాపుకు ఫోనులో మాట్లాడటం రాదు, అరవటమే వచ్చు. గని నుంచి రిటైరై ఇన్నేళ్ళయినా, అవతలి మనిషి మోటార్ల మోతలో నిలబడి ఉన్నాడనే ఆయన లెక్క. మొన్నొక ఆదివారం పొద్దున్నే ఫోన్ చేసి, "బిడ్డా, మన పాత లైను కూలగొడుతున్నరు. సూస్తె ఇప్పుడే సూడాలె, మల్ల ఉండది" అన్నాడు. నేను కరీంనగర్‌లో ఒక డిగ్రీ కాలేజీలో రాజనీతి శాస్త్రం పాఠం చెబుతాను. ఆదివారాలు పరీక్ష పేపర్లు దిద్దుకోవటానికే సరిపోతాయి. అయినా ఆ అరుపులో కాస్త వణుకు వినిపించి బస్సెక్కాను. గోదావరిఖనిలో మా పాత కంపెనీ క్వార్టర్ల లైనుకు చేరేసరికి సగం ఇళ్ళకు కప్పులు లేవు. మా అవ్వ, అంటే అమ్మ, ప్రతి శుక్రవారం పసుపు రాసిన గడపను ఎవరో పీక్కుపోయారు. బాపు మాత్రం ఇంటి వైపు చూడటం లేదు. లైను చివర యాపచెట్టు కింద ఇంకా మిగిలి ఉన్న సిమెంటు గద్దె మీద కాళ్ళు ముడుచుకుని కూర్చున్నాడు. "ఇల్లు కంపెనీది బిడ్డా, ఎప్పుడన్న తీసుకుంటది. ఈ గద్దె మనది" అన్నాడు. నేనూ పక్కన కూర్చున్నాను. నాకు తెలిసిన రాజనీతి శాస్త్రంలో పుస్తకాల నుంచి వచ్చింది సగమే, మిగతా సగం ఆ గద్దె దగ్గర వచ్చింది. ఆ రుణం చెప్పుకోవాలని ఇది రాస్తున్నాను.

మా లైనును పొద్దున్నే సైరన్ లేపేది. దానికంటే ముందే అవ్వ లేచి, ఇంటి ముందు బొగ్గు పొయ్యి రాజేసేది. ప్రతి ఇంటి ముందూ ఒక పొయ్యి, ప్రతి పొయ్యి మీదా ఒక పొగ, ఆ పొగలోనే మా జడలు, మా స్కూలు బట్టలు, మా పుస్తకాలు అన్నీ తడిసేవి. ఇప్పటికీ ఎక్కడన్నా బొగ్గు పొగ తగిలితే నాకు వెంటనే ఆకలవుతుంది, ఎందుకంటే ఆ పొగ వెనకాలే జొన్నరొట్టె వాసన వచ్చేది. బొగ్గుగనిని మా వైపు బాయి అంటారు. బాపు బాయిలో టింబర్‌మన్, అంటే పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని. ఫస్టు షిఫ్టు వారం ఆయన సద్ది కట్టుకుని తెల్లారకుండానే పోయి, సాయంత్రం కళ్ళకు కాటుక పెట్టుకున్నవాడిలా తిరిగొచ్చేవాడు. నైట్ షిఫ్టు వారం పగలంతా పడుకునేవాడు. ఆ వారం మా ఇంట్లో కుక్కరు కూసేది కాదు, తలుపు గొళ్ళేనికి గుడ్డ చుట్టేవాళ్ళం, నేనూ తమ్ముడూ సైగలతోనే కొట్టుకునేవాళ్ళం. సెకండ్ షిఫ్టు వారం మాత్రం ఇల్లు అవ్వదే. సాయంత్రాలు ఆమెను అడిగేవాడు లేడు. జుట్టు విరబోసుకుని, పాటలు పెట్టుకుని, మాకు ఇష్టమైన శనగ గుడాలు ఉడకబెట్టేది.

ఇలా లైనులోని మగవాళ్ళంతా మూడు షిఫ్టుల్లో వారం వారం మారుతుండేవాళ్ళు. మా గద్దె కట్టుబాటు పుట్టింది ఈ మార్పిడిలోంచే. దాన్ని పెట్టినవాడు రాజలింగు తాత. ఆయన నాకు సొంత తాత కాదు, లైను మొత్తానికీ తాత. నేను పుట్టకముందే బాయి దిగటం మానేసిన మనిషి, దగ్గూ బీడీ రెండూ వదలనివాడు. ఒకసారి యూనియన్ ఎన్నికలప్పుడు గద్దె మీద పేపరు చదువుతూ చదువుతూ ఇద్దరు బావాబావమరుదులు గల్లాలు పట్టుకున్నారు. చాన్నాళ్ళు ఆ రెండిళ్ళ మధ్య మాటల్లేవు. పండక్కి ఆడపడుచు పుట్టింటికి రాలేకపోయింది. తాతకు అది చాలా బాధైంది. ఒక సాయంత్రం అందర్నీ కూర్చోబెట్టి, "అరేయ్, ఒక్క నైట్ షిఫ్టే జేసుకుంట పోతె మనిషి ఏమైతడు? కండ్లు గుంజుకపోతయి, బువ్వ అరగది. అందుకే గద కంపెనీ వారం వారం షిఫ్టు మారుస్తది. నోటికి గూడ గట్లనే. ఎప్పుడు ఒక్క దిక్కే మాట్లాడితె ఖరాబైతది. ఇయ్యాల్టి సంది షిఫ్టు మారితె పక్షం గూడ మారాలె" అని తేల్చేశాడు.

కట్టుబాటు ఇది. ఏ విషయం చర్చకొచ్చినా, ఆ వారం ఫస్టు షిఫ్టు చేసొచ్చినవాళ్ళు ‘కావాలి’ అని మాట్లాడాలి. నైట్ షిఫ్టుకు పోబోయేవాళ్ళు ‘వద్దు’ అని మాట్లాడాలి. నీ మనసులో ఏముందన్నది ఎవరికీ అక్కర్లేదు. సాయంత్రం సెకండ్ షిఫ్టు వాళ్ళు బాయిలోనే ఉంటారు కదా, మరి వాళ్ళెట్లా అని మా బాపు అడిగాడట. "వాళ్ళ ఆడోళ్ళు కూసొని తీర్పు జెప్తరు. మొగడు ఇంటికాడ లేనప్పుడే ఆడోళ్ళు నిక్కచ్చిగ జెప్తరు" అన్నాడట తాత. ఆడవాళ్ళందరూ కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారట కానీ, ఒక్కరు కూడా కాదనలేదు. తాత ఒక బీడీ ముట్టిస్తే అది అయ్యేదాకా ఒక మనిషి మాట్లాడవచ్చు. మాట నచ్చకపోతే ఆయన గబగబా పీల్చేసేవాడు, ఆ మాత్రం పక్షపాతాన్ని అందరూ క్షమించారు. ఓడిన పక్షం మగవాళ్ళు లైను మొత్తానికీ చాయ్ పెట్టాలి. ఆ చాయ్ తాగలేక తాగటం కూడా కట్టుబాటులో భాగమే.

దేని గురించి మాట్లాడుకోలేదని! బాయి మూసి పైనుంచి తవ్వే ఓపెన్‌కాస్టు మంచిదా చెడ్డదా, తండ్రి ఉద్యోగం కొడుక్కి ఇవ్వటం న్యాయమా, యూనియన్ నాయకుడు ఎమ్మెల్యేగా నిలబడవచ్చా, ఆడవాళ్ళను బాయిలోకి దింపవచ్చా. ఈ ఆఖరి ముచ్చట మీద మా లైనులోనే ఉండే యోహాను కాక ఒక వారం దింపాలని చెప్పి గెలిచాడు, ఇంకో వారం దింపొద్దని చెప్పి ఓడిపోయాడు. మిషన్ స్కూల్లో టీచరుగా చేసే ఆయన భార్య శాంతమ్మ అత్త, "మా ఇంట్ల మనిషి పోయిన వారమే తెలివిగలోడు" అని నిట్టూర్చింది. పక్షాలు మారటం వల్ల ఒక వింత జరిగేది. పోయిన వారం నువ్వు చెప్పిన మాటను ఈ వారం నువ్వే విరగ్గొట్టాలి. అందుకని ఎవరూ మరీ తలతిక్క మాట అనేవాళ్ళు కాదు, రేపు అదే మాట ఎదుటివాడి చేతిలో ఉంటుందని తెలుసు కాబట్టి. నేను హోంవర్కు ఒళ్ళో పెట్టుకుని అవ్వ పక్కన కూర్చుని వినేదాన్ని. ఆ సాయంత్రాల్లో నేను ఎంత సుఖపడ్డానో ఇప్పుడు తెలుస్తోంది.

మా లైనులో మగవాళ్ళందరూ నాకు కాకలే. ఒక్క సత్యం బాబాయి మాత్రం బాబాయి, ఎందుకంటే ఆయనది ఏలూరు దగ్గర పల్లె, అలా పిలిస్తేనే ఆయనకు పలకాలనిపించేది. పెళ్ళికాక ముందే ఎలక్ట్రీషియన్‌గా ఖనికి వచ్చి ఇక్కడే పాతుకుపోయాడు. మా గోడకు ఆనుకునే వాళ్ళ క్వార్టరు. ఆదివారం పద్మ పిన్ని మా అవ్వ దగ్గర నేర్చుకున్న బొగ్గు పొయ్యి మీద వాళ్ళ ఊరి దిబ్బరొట్టె కాల్చేది, దాని అడుగు మాడిన వాసనకు నేను చర్చి గంట వినపడ్డట్టు లేచేదాన్ని. వాళ్ళమ్మాయి లత నా ఈడుది, మా ఇద్దరికీ ఒకటే తలనూనె సీసా. బాబాయి గద్దె మీద గొప్ప వక్త. చేతులు ఊపకుండా, గొంతు పెంచకుండా, ఫ్యూజు ఎక్కడ పోయిందో వెతుకుతున్నట్టు నెమ్మదిగా మాట్లాడేవాడు. మా బాపు తీరు అందుకు పూర్తి వ్యతిరేకం. ఆయన మాట్లాడితే పక్క లైను కుక్కలు కూడా మొరిగేవి.

ప్రత్యేక రాష్ట్రం ముచ్చట నా చిన్నప్పటి నుంచీ గద్దె మీద ఉంది. కావాలా, వద్దా అని ఎన్ని వారాలు నడిచిందో లెక్కలేదు. బాబాయి కావాలన్న వారాలూ ఉన్నాయి, బాపు వద్దన్న వారాలూ ఉన్నాయి. తీర్పు ఎటు వచ్చినా చాయ్ తాగి లేచేవాళ్ళు. నేను డిగ్రీలోకి వచ్చేసరికి ఆ ముచ్చట చర్చ కాకుండా పోయింది. ఊరు ఊరంతా రోడ్డు మీదే ఉంది. మా చౌరస్తాలో టెంటు, టెంటు కింద పాటలు, రైలు పట్టాల మీద వంటలు. బాపు ఒకసారి లాఠీ దెబ్బ తిని వచ్చి, వారం రోజులు ఆ వాపును చుట్టాలందరికీ చూపించాడు. నేనూ ఊరేగింపుల్లో నడిచాను, గొంతు పోయేదాకా అరిచాను. ఆ కోరిక న్యాయమైందేనని అప్పుడూ నమ్మాను, ఇప్పుడూ నమ్ముతాను. కానీ గోడల మీద కొన్ని రాతలు కనపడసాగాయి, ఎవరు పోవాలో, ఎక్కడికి పోవాలో చెప్పే రాతలు. బజారుకు పోతూ పద్మ పిన్ని ఆ గోడ దగ్గర తల దించుకుని నడవటం నేను చూశాను. ఒకరోజు నల్లా దగ్గర ఆమె మా అవ్వతో, "వదినా, ఈయన ఉద్యోగం వదిలేస్తానంటున్నారు. మా మరిది ఊళ్ళో మోటార్ల రిపేరు షాపు పెడుతున్నాడు, వచ్చేయమంటున్నాడు" అని చెప్పి ఏడ్చింది. అవ్వ బిందె నిండి పొర్లుతున్నా చూసుకోలేదు. మా ఇంట్లో ఆ రోజు నుంచీ అందరి మనసులోనూ ఒకటే ఉంది, బాబాయి వాళ్ళు పోతారా, ఉంటారా అని. ఎవరూ పైకి అడగలేదు.

అంతలో పెద్ద సమ్మె వచ్చింది. బాయిలన్నీ ఆగిపోయాయి. సైరన్ లేని పొద్దున్న మా అవ్వ ఆలస్యంగా లేచి తనను తానే తిట్టుకుంది. సమ్మె మొదలైన వారం బాపుది నైట్ షిఫ్టు, బాబాయిది ఫస్టు షిఫ్టు. అంటే గద్దె మీద బాపు రాష్ట్రం వద్దనాలి, బాబాయి కావాలనాలి. వారం గడిచింది. సమ్మె ఆగలేదు, డ్యూటీలు లేవు కాబట్టి షిఫ్టు మారలేదు. అప్పుడు లైనులో ఎవరికీ ఎన్నడూ రాని సందేహం వచ్చింది, మరి పక్షం మారుతుందా మారదా? తాత బీడీ వెలిగించుకుని, "డ్యూటీ ఎక్కందె షిఫ్టు మారది. షిఫ్టు మారందె పక్షం మారది. సమ్మె ఎన్నాళ్ళుంటె గన్నాళ్ళు గిదే" అన్నాడు. పాపం యోహాను కాక సెకండ్ షిఫ్టు కింద లెక్క కాబట్టి, ఇంట్లోనే ఉండి కూడా నోరెత్తకూడదు. ఆయన గుమ్మంలో కూర్చుని భార్య తీర్పులు వింటూ మీసం నమిలేవాడు.

మా పెదనాన్న కొడుకు సంపత్ అన్నయ్యకు ఇది నచ్చలేదు. అప్పుడు విద్యార్థి సంఘంలో ఊపు మీదున్నాడు. "తాతా, పానాలు పోతున్నయి బయట. గిప్పుడు తెలంగాణకు ఎదురు మాట్లాడుడేంది? గిది ఆట గాదు" అన్నాడు. బాపు కూడా అతని వెనకే నిలబడి, "అవ్ తాతా, నన్ను తప్పియ్యి. నా నోట్లకెళ్ళి ఆ మాట రాది" అని బతిమాలాడు. తాత ఆయన్ని కింది నుంచి పైదాకా చూసి, "మల్లిగా, నిద్రొస్తుందని ఎన్ని నైట్ షిఫ్టులు తప్పిచ్చుకున్నవ్ రా నువ్వు?" అని అడిగాడు. ఒక్కటీ తప్పించుకోలేదు. మా బాపుకు ఉన్న గర్వాల్లో అదే పెద్దది, మస్టర్ పోగొట్టుకోలేదని. మస్టర్ అంటే ఆ రోజు హాజరు. ఇంక తప్పక గద్దె ఎక్కాడు కానీ, మనసు లేని మాట చప్పగా ఉంటుంది కదా. రాష్ట్రం వద్దు, ఎందుకంటే కొత్త జెండా కుట్టాలంటే గుడ్డ దొరకదు, అంటూ ఏవో హాస్యాలాడి దిగిపోయాడు. కుర్రాళ్ళు చప్పట్లు కొట్టారు. శాంతమ్మ అత్త మాత్రం నవ్వలేదు. "మల్లన్నా, డ్యూటీకి పోయి బాయిల పండుకున్నట్టున్నది నీ ముచ్చట. నీకు మస్టర్ ఇయ్యం" అంది. ఆడవాళ్ళందరూ తలలూపారు, అందులో పద్మ పిన్ని లేదు. ఈ మధ్య ఆమె గద్దె దగ్గరకు రావటమే మానేసింది.

మస్టర్ పోయిన మనిషి ఇంటికొచ్చి రొట్టె ముట్టలేదు. మర్నాడు మధ్యాహ్నం టెంటు నుంచి వచ్చి, బాబాయి వాళ్ళ గుమ్మం ముందు గొంతుకూర్చున్నాడు. బాబాయి ఎవరిదో టేబులు ఫ్యాను విప్పుకుని ఉన్నాడు. నేను, లత లోపల కూరగాయలు తరుగుతున్నాం. "సత్యమన్నా, నాకు జర నీ దిక్కు మాటలు చెప్పు. మస్టర్ పోతున్నది" అన్నాడు బాపు. బాబాయి తలెత్తకుండా, "నా దిక్కేంటయ్యా, నాది కావాలనే పక్షం కదా ఇప్పుడు" అన్నాడు. "గద్దె మీద గాదు. నీ లోపట ఉన్నయి చెప్పు. నాకు తెల్వది, ఉత్తుత్త మాట్లాడితె ఆ టీచరమ్మ ఒప్పుకోది." బాబాయి స్క్రూలు ఒక్కొక్కటే ఏరి పక్కన పెట్టాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు. "నీళ్ళూ రాజధానీ పెద్దవాళ్ళు చూసుకుంటారు మల్లయ్యా. నా దిగులంతా లత. ఇదే ఖనిలో పుట్టింది. నాకంటే మీ మాటే బాగా మాట్లాడుతుంది. మా ఊరెళితే దాని యాసకి వాళ్ళు నవ్వుతారు. మొన్న కాలేజీలో ఒక పిల్ల దీన్ని, మీరెప్పుడు పోతున్నారు అని అడిగిందంట. కోపంగా కూడా కాదు, టైమెంత అని అడిగినట్టు అడిగిందంట. ఇంటికొచ్చి అన్నం తినలేదు. మీ అందరి ఎదుట ఆ మాట నా నోటితో నేనెలా చెప్పనయ్యా? చెబితే మిమ్మల్ని తిట్టినట్టు ఉంటుంది." లత కత్తిపీట ముందు తల వంచుకుని ఉంది. బాపు లేచి వచ్చేశాడు. వచ్చి మా ఇంటి వెనక గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

ఆ సాయంత్రం బాపు గద్దె ఎక్కి, "నేనెవలో మీకెర్కే. పొద్దంత టెంటు కింద నినాదం జేసిన, రేపు గూడ జేస్త. గని ఇప్పుడు నా షిఫ్టు ఒద్దనే షిఫ్టు" అని మొదలుపెట్టాడు. గొంతు పెంచలేదు. "మనం రాష్ట్రం ఎందుకు అడుగుతున్నం? మన గడ్డ మీద మనల్ని మీరెవలు అన్నరని అడుగుతున్నం. నిజమా గాదా? మరి ఈ లైన్ల పుట్టిన ఆడపిల్లను పట్టుకొని మీరెప్పుడు పోతరు అంటె, గా అన్నోళ్ళకు మనకు ఫరకేంది? రాష్ట్రం ఒస్తది, నాకు నమ్మకమే. గని ఒచ్చేటి రాష్ట్రంల ఆ పిల్ల ఎవలు? మన బిడ్డనా, కిరాయికున్నోళ్ళా? గిది చెప్పకుంట ఇయ్యిమంటె నేను ఒద్దనే అంట. ముందుగాల చెప్పుండ్రి." తాత బీడీ అయిపోయింది. ఆయన ఇంకొకటి ముట్టించాడు, అంతకుముందు ఎవరికీ అలా చేయలేదు. సంపత్ అన్నయ్య లేచి, "కాకా, గివి నీ మాటలు గావు. ఎవలు నేర్పిన్రు నీకు?" అన్నాడు. "అవ్ బిడ్డా, నాయి గావు. అడిగి నేర్సుకున్న. నువ్వు గూడ అడుగు, ఇల్లు గదే ఉన్నది" అని గోడ అవతలి క్వార్టరు చూపించి దిగిపోయాడు బాపు. మర్నాడు టెంటు కింద ఎవరో ఆయన్ని అమ్ముడుపోయినోడు అన్నారని తెలిసింది. బాపు అది విని ఎప్పటికంటే గట్టిగా నినాదం చేశాడట. ఇంటికొచ్చాక మాత్రం అవ్వ ఒళ్ళో తల పెట్టుకుని కాసేపు పడుకున్నాడు.

కట్టుబాటు ప్రకారం వద్దన్నవాడి ప్రశ్నకు కావాలన్నవాడు జవాబివ్వాలి. అంటే బాబాయి తన భయానికి తనే జవాబు చెప్పాలి. అలాంటి ఇరకాటం ఈ భూమ్మీద ఇంకెవరికన్నా వచ్చిందో లేదో నాకు తెలియదు. మరుసటి సాయంత్రం గద్దె ఎక్కి కొంచెంసేపు చేతులు నలుపుకున్నాడు. "బాయిలో నాకు కరెంటు కొట్టినరోజు స్ట్రెచరు మోసినవాళ్ళలో మల్లయ్య ఉన్నాడు. నీది ఏ ఊరని అప్పుడెవరూ అడగలేదు. మోసేవాళ్ళు అలాగే మోస్తుంటే ఏ రాష్ట్రమైనా నాకు ఒకటే, కాబట్టి రానివ్వండి. మోస్తారా అంటే, అది నేను చెప్పలేను. మీరే చెప్పాలి" అని దిగి, ఎవరివైపూ చూడకుండా ఇంటికి వెళ్ళిపోయాడు. తీర్పు చెప్పాల్సిన శాంతమ్మ అత్త కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. "ఇయ్యాల తీర్పు లేదు. మాకు జర టైం గావాలె" అంది. ఎవరూ ఓడలేదు కాబట్టి ఆ రోజు చాయ్ లేదు.

అవి బతుకమ్మ రోజులు. సమ్మె అయినా ఆడపిల్లలు పూలు మానలేదు. ప్రతి ఏడూ మాతో ఆడే పద్మ పిన్ని, లత ఆ ఏడు తలుపు వేసుకుని లోపలే ఉన్నారు. తీర్పు వాయిదా పడ్డ మర్నాడు పొద్దున మా లైనువాళ్ళు లేచేసరికి వాళ్ళ గుమ్మం ముందు బతుకమ్మ పేర్చే తంగేడు పువ్వు మోపు ఒకటి పడి ఉంది. తెచ్చినవాడు సంపత్ అన్నయ్య అని అందరికీ తెలుసు, అతనొక్కడే ఒప్పుకోలేదు. సాయంత్రం తీర్పు చెప్పే ఆడవాళ్ళందరూ, చర్చికి పోయే శాంతమ్మ అత్తతో సహా, పోయి ఆ తలుపు కొట్టారు. "పద్మా, తీర్పు జెప్ప ఒచ్చినం. నువ్వు, పిల్ల బయటికి రాండ్రి" అంది అత్త. పిన్ని బయటికొచ్చింది. లత నా చెయ్యి పట్టుకుంది. గద్దె ముందే బతుకమ్మలు పెట్టి చీకటిపడే దాకా తిరిగాం. పిన్ని పాట పాడలేదు కానీ అడుగు తప్పలేదు. బాపు, బాబాయి గద్దె మీద చెరో చివర కూర్చుని చూస్తున్నారు. అయినా పిన్ని మర్నాడు అవ్వతో, ఆయన మనసులో ఏముందో నాకింకా చెప్పలేదు వదినా, అంది.

ఇప్పుడు రాష్ట్రం ఉంది, నేను అందులో ఉద్యోగం చేసుకుంటున్నాను. ప్రాతినిధ్యం, భావ ప్రకటన, అల్పసంఖ్యాకుల హక్కులు అని బోర్డు మీద రాస్తాను, వెనక్కి తిరిగితే పిల్లల చేతుల్లో ఫోన్లు. ఒకసారి ఒక టీవీవాళ్ళు చర్చకు పిలిచి, "మేడమ్, మీరు ఏ పక్షం?" అని మాత్రమే అడిగారు. ఈ వారమా, వచ్చే వారమా అని నేను అడిగితే వాళ్ళకు అర్థం కాలేదు. మా కాలేజీలో గద్దె కట్టుబాటు పెడదామని చూశాను. తరగతిని సగం చేసి, నచ్చని పక్షం మాట్లాడమన్నాను. బాగా చదివే ఒక అమ్మాయి లేచి, "మేడమ్, ఎవరన్నా వీడియో తీసి పెడితే? అది నా షిఫ్టు అని నేను ఎంతమందికి చెప్పుకోను?" అంది. ఆమెది పిరికితనం అనలేను. బాపు ఆ మాట అన్న సాయంత్రం చుట్టూ ఉన్నది ఆయన్ని ఏళ్ళ తరబడి ఎరిగిన మనుషులు, అయినా ఒక్క రాత్రిలో అమ్ముడుపోయినోడు అయ్యాడు. ఇప్పటి పిల్లలను ఏ ఊరూ పేరూ తెలియని లక్షమంది వింటారు. అందుకే మా లైను నాకు దొరకటం నా అదృష్టమని అనుకుంటాను. అప్పట్లో అన్నీ మంచివేనని కాదు. బాయి దగ్గు, నల్లా దగ్గర తగవులు, ఆడవాళ్ళకు మూడు వారాలకొకసారే దొరికిన నోరు, ఇవన్నీ నేను మర్చిపోలేదు. కానీ ఎదుటివాడి మాటను కొంతసేపు నీ నోట్లో మొయ్యాలని చదువుకోని ముసలాయన ఒకడు శాసనం చేస్తే, అంతమంది మగవాళ్ళు దానికి లోబడ్డారు. ఆయనకు నేను దండం కూడా సరిగ్గా పెట్టలేదు.

సమ్మె ఆగి సైరన్ మోగిన వారం షిఫ్టులు మారాయి. బాపు సెకండ్ షిఫ్టుకు పోయాడు, కాబట్టి అవ్వ తీర్పు చెప్పే వరసలోకి వచ్చింది. బాబాయి నైట్ షిఫ్టుకు మారాడు. అంటే ఇన్నాళ్ళకు తన మనసులో ఉన్న పక్షమే ఆయన వంతుకొచ్చింది. ఆ సాయంత్రం గద్దె చుట్టూ జనం ఎక్కువే ఉన్నారు. ఆ రోజుల్లో, ఆ ఊళ్ళో, ఆయనలాంటి మనిషి నలుగురి ముందు నిలబడి రాష్ట్రం వద్దని చెప్పటం మాటలు కాదు. సంపత్ అన్నయ్య చేతులు కట్టుకుని చెట్టుకు ఆనుకున్నాడు. బాబాయి లేచి, "నేను చెప్పాల్సింది మల్లయ్య చెప్పేశాడు. నాకంటే బాగా చెప్పాడు. దానిమీద కలపటానికి నా దగ్గర ఇంకేం లేదు" అన్నాడు. కూర్చోబోయి, మళ్ళీ నిలబడి, "షాపు నువ్వే చూసుకోమని మా తమ్ముడికి ఫోన్ చేశాను" అన్నాడు. గుంపులో వెనకెక్కడో ఉన్న పద్మ పిన్నికి కూడా ఆ సంగతి అప్పుడే తెలిసింది. మా అవ్వ తీర్పు చెప్పటం మర్చిపోయి ఆమె దగ్గరకు పరిగెత్తింది.

మర్నాడు పొద్దున నేను కాలేజీకి బయల్దేరుతుంటే, బాపు గోడ అవతలి గుమ్మం ముందు రెండు చాయ్ గ్లాసులు పట్టుకుని నిలబడి ఉన్నాడు. బాబాయి నైట్ షిఫ్టు దిగి వస్తున్నాడు. ముఖమంతా బొగ్గు, కళ్ళు మాత్రమే తెల్లగా ఉన్నాయి.

"సత్యమన్నా, నిన్న గద్దె మీద ఏదో అన్నవంట?"

"మీ ఆవిడ చెప్పలేదా?"

"చెప్పింది. గని నీ నోటితోని గావాలె నాకు."

బాబాయి గ్లాసు అందుకుని, ఒక గుక్క తాగి, గుమ్మం మీద కూలబడ్డాడు. "ఉంటానయ్యా మల్లయ్యా. ఇక్కడే ఉంటాను. కానీ ముందే చెబుతున్నాను, షిఫ్టు ఏదైనా సరే, రాష్ట్రం మాత్రం వద్దనే అంటాను."

బాపు ఆయన పక్కనే, ఆ బొగ్గు బట్టలకు ఆనుకుని కూర్చున్నాడు. "అను అన్నా, గట్టిగ అను" అన్నాడు. "ఇనెతందుకు నేనున్న గద."